కదిలే బొమ్మలు - దొరికే మాటలు

అంతర్జాలంలో కోట్లాది పుటలు ఉన్నాయి. వాటిలో కావలసిన దానిని వెతికి చూపే సాధనం సెర్చ్ ఇంజన్. ఎవరైనా ఒక పదం అడిగినప్పుడు అది అప్పటికప్పుడు ప్రపంచమంతా గాలించదు. దాని క్రాలర్ అనే ప్రోగ్రాం ముందుగానే ఒక లింకు నుండి మరొక లింకుకు ప్రయాణిస్తూ, పుటలలోని మాటలను చదివి పట్టికగా కూర్చి పెడుతుంది. గ్రంథం చివర ఉండే పదసూచిక వంటిదే ఈ పట్టిక. అందులోకి ఎక్కని పుట ఎంత విలువైనదైనా వెతికేవారికి దొరకదు.

కనుక వెబ్‌సైటును రూపొందించేవారికి ఒక చిక్కు ఎదురవుతుంది. చూపరులను ఆకట్టుకోవడానికి రంగులు, కదిలే బొమ్మలు కావాలి. క్రాలర్‌కు కావలసినవి మాటలు. ఈ రెంటికీ పొత్తు కుదరకపోతే ఏమవుతుందో ఫ్లాష్ చరిత్ర తెలుపుతుంది.

ఫ్యూచర్‌స్ప్లాష్ అనే యానిమేషన్ సాధనాన్ని 1996లో మాక్రోమీడియా సంస్థ కొని, ఫ్లాష్ అని పేరు మార్చింది. 2005లో అది అడోబి సంస్థ వశమైంది. బొమ్మను చుక్కల రాశిగా కాక గీతల వర్ణనగా భద్రపరచడం వల్ల ఫ్లాష్ ఫైళ్లు చిన్నవిగా ఉండి, ఆనాటి నెమ్మదైన టెలిఫోను తీగల మీద కూడా త్వరగా చేరేవి. దానితో ఎందరో రూపకర్తలు సైటు మొత్తాన్నీ ఒకే ఫ్లాష్ ఫైలులో ఇమిడ్చారు. కంటికి అది రంగస్థలం. క్రాలర్‌కు మాత్రం మూత తెరవని పెట్టె. అటువంటి సైట్లలో లోపలి అంశాలకు సాధారణంగా విడివిడి చిరునామాలు ఉండేవి కావు. 2008లో గూగుల్, యాహూ సంస్థలు అడోబి సహాయంతో ఆ పెట్టెలోని మాటలను చదవడానికి పూనుకున్నా, లోపం పూర్తిగా తీరలేదు. 2020 డిసెంబరు 31తో అడోబి ఫ్లాష్‌కు మద్దతు నిలిపివేసింది. దానిమీదనే ఆధారపడిన సైట్లు మూగవోయాయి.

ఈ చిక్కుకు పరిష్కారం విషయాన్ని, అలంకారాన్ని వేరు చేయడం. మాటలు హెచ్‌టీఎంఎల్‌లో ఉండాలి; రూపాన్ని సీఎస్‌ఎస్, ప్రవర్తనను జావాస్క్రిప్ట్ చూసుకోవాలి. ఉత్సవమూర్తికి పూలు, నగలు ఎన్ని అలంకరించినా, అవి తీసిన తరువాత మూర్తి నిలిచే ఉంటుంది. అలాగే యానిమేషన్ తొలగించినా పుటలోని విషయం నిలిచి ఉండాలి.

ఆచరణలో పాటించవలసినవి కొన్ని ఉన్నాయి. శీర్షికను బొమ్మగా కాక అక్షరాలతోనే వ్రాయాలి. ప్రతి అంశానికీ సొంత చిరునామా ఉండాలి. విషయాన్ని తెలిపే ప్రతి చిత్రానికీ దానిని వర్ణించే వాక్యాన్ని ఆల్ట్ అనే గుణంలో చేర్చాలి. జావాస్క్రిప్ట్ నడిచిన తరువాతనే కనిపించే మాటలను గూగుల్ చదవగలదు గాని, అన్ని క్రాలర్లూ చదవలేవు. అందుచేత ముఖ్య విషయాన్ని సర్వర్ పంపే పుటలోనే ఉంచడం క్షేమం. అయితే చూపరులకు కనిపించకుండా క్రాలర్ కోసమే మాటలు దాచడం మోసం. పట్టుబడితే ఆ సైటును సెర్చ్ ఇంజన్ వెనుకకు నెట్టవచ్చు, తొలగించనూ వచ్చు.

తెలుగువారికి ఈ సమస్య మరొక రూపంలో అనుభవమే. 2000 తరువాతి సంవత్సరాలలో పలు తెలుగు పత్రికల సైట్లు సొంత ఫాంట్లను వాడేవి. తెర మీద కనిపించేది తెలుగే. లోపల ఉన్నవి రోమన్ అక్షరాల సంకేతాలు. తెలుగు పదం ఇచ్చి వెతికితే ఆ వార్తలు దొరికేవి కావు. తెలుగు అక్షరాలకు ప్రత్యేక సంకేతాలు గల యూనికోడ్ వాడుకలోకి వచ్చిన తరువాతనే ఆ కొరత తీరింది.

క్రాలర్ కోసం చేసిన ఏర్పాటు మనుషులకూ మేలు చేస్తుంది. చూపులేనివారు స్క్రీన్ రీడర్ ద్వారా వినేది ఈ మాటలనే. ఆల్ట్ వాక్యమే వారికి బొమ్మ. కదలికల వల్ల తల తిరిగేవారు వాటిని తగ్గించమని తమ పరికరంలో కోరవచ్చు. మంచి సైటు ఆ కోరికను మన్నిస్తుంది. కనుక రూపకర్త తన పుటను ఒకసారి యానిమేషన్ ఆపి చదివి చూడాలి. అప్పుడు కూడా విషయం బోధపడితే అలంకారం సార్థకమైనట్లే.