టీచరుకు ఏమివ్వాలి, ఎప్పుడివ్వాలి

ఆగస్టు ఆఖరి వారం వచ్చిందంటే తరగతి వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే చర్చ. సెప్టెంబరు 5న మేడమ్‌కి ఏమిద్దాం? ఒకరు చీరంటారు, ఒకరు పెన్నుల సెట్టంటారు, ఇంకొకరు తలా రెండొందలు ఫోన్‌పే చేసెయ్యమంటారు. ఏమివ్వాలి, ఎంతలో ఇవ్వాలి అన్నదాని మీద అర్ధరాత్రి దాకా మెసేజీలు నడుస్తాయి. ఎప్పుడివ్వాలని మాత్రం ఎవరూ అడగరు. నా ఉద్దేశంలో ముందు తేల్చుకోవలసింది అదే.

మన రెండు రాష్ట్రాల్లో బడులు జూన్ రెండో వారంలో తెరుస్తారు, ఏప్రిల్ నాలుగో వారంలో మూసేస్తారు. సెప్టెంబరు నాటికి టీచరు చేతిలో ఇంకా బోలెడు పని ఉంటుంది. పేపర్లు దిద్దాలి, ముందు బెంచీలో ఎవరిని కూర్చోబెట్టాలో చూడాలి, వార్షికోత్సవం నాటికలో ఎవరికి ఏ వేషమో తేల్చాలి. ఆ సమయంలో మూడువేల చీర తీసుకెళ్లి చేతిలో పెడితే, మీ మనసులో ఏమున్నా, చూసేవాళ్లకది కృతజ్ఞతలా కనిపించదు. ఇబ్బంది పడేదీ ముందు టీచరే. రేపు మీ అబ్బాయికి నిజంగానే మంచి మార్కులొచ్చినా పక్కవాళ్లు చీర సంగతే ఎత్తుతారు. అదే చీర ప్రోగ్రెస్ కార్డు చేతికొచ్చాక, ఆఖరి పనిదినాన ఇస్తే ఎవరికీ వేలెత్తి చూపే అవకాశం ఉండదు. కాబట్టి సెప్టెంబరు 5న పిల్లవాడు సొంతంగా చేసిన కార్డు, ఒక గులాబీ, మహా అయితే ఒక పెన్ను. చాలు. అసలు కానుక ఏప్రిల్‌కి అట్టే పెట్టుకోండి.

ఈ మొహమాటం మన తాతల కాలంలో లేదు. వీధిబడుల రోజుల్లో దసరా వచ్చిందంటే అయ్యవారు పిల్లల్ని వెంటేసుకుని ఇల్లిల్లూ తిరిగేవారు. పిల్లల చేతుల్లో వెదురుతో చేసిన రంగుల విల్లంబులు, నోట దసరా పద్యాలు. గృహస్థులు అయ్యవారికి తోచినంత కట్నం, పిల్లలకు పప్పుబెల్లాలు ఇచ్చి పంపేవారు. అందులో చిన్నతనం ఎవరికీ కనిపించలేదు. ఆ అయ్యవారికి నెలజీతమంటూ లేదు గనక ఊరు ఇచ్చే ఆ కట్నం ఆయన బతుకుతెరువులో భాగమే. పైగా ఇచ్చేది ఊరంతా, నలుగురి ఎదుట. ఇప్పుడు బడి జీతమిస్తోంది. తక్కువే ఇవ్వొచ్చు, చాలా ప్రైవేటు బళ్లలో తక్కువే ఇస్తున్నారు కూడా. అయినా ఇప్పుడిచ్చే కానుక జీతానికి బదులు కాదు, ఒక ఇంటివాళ్లు ఒక టీచరుకు విడిగా ఇచ్చేది. పాత ఆచారాన్ని చూపించి నేటి కవరును సమర్థించుకోలేం.

ప్రభుత్వ బడి అయితే విషయం మర్యాదతో ఆగదు. ఉమ్మడి రాష్ట్రంలో 1964లో వచ్చిన సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి ఉద్యోగులు కానుకలు పుచ్చుకోవడం మీద ఆంక్షలు పెట్టింది. టీచర్లూ ఉద్యోగులే. ప్రైవేటు బళ్లలో కొన్ని అసలు ఏ కానుకా వద్దని డైరీలోనే అచ్చువేస్తాయి. ఒకసారి డైరీ తిరగేసి, లేదంటే ఆఫీసులో అడిగి వెళితే మీకూ టీచరుకూ ఇబ్బంది తప్పుతుంది. నగదు, గిఫ్టు కార్డులు, బంగారం, వెండి కుంకుమ భరిణె లాంటివి పిల్లవాడు ఆ తరగతిలో ఉన్నంతకాలం వద్దే వద్దు. సంగీతం మాస్టారికో, నాట్యం నేర్పే గురువుకో తాంబూలంలో నూటపదహార్లో వెయ్యినూటపదహార్లో పెట్టి ఇవ్వడం వేరు సంగతి. అక్కడ గురుదక్షిణ ఆనవాయితీ ఉంది, ఆయన వేసే మార్కులతో మీ పిల్ల పైతరగతికి వెళ్లేది లేదు.

సెప్టెంబరు 5 ఎవరి పుట్టినరోజో అందరికీ తెలుసు. 1962లో సర్వేపల్లి రాధాకృష్ణన్ రాష్ట్రపతి అయ్యాక ఆ రోజు ఉపాధ్యాయ దినోత్సవమైంది. ఆయనకు శిష్యులిచ్చిన కానుకల్లో అందరూ చెప్పుకునేది మైసూరులో జరిగింది. 1921లో ఆయన అక్కడి ఉద్యోగం వదిలి కలకత్తా విశ్వవిద్యాలయానికి బయల్దేరినప్పుడు విద్యార్థులు బండికి పూలు కట్టి, గుర్రాలను విప్పేసి, తామే రైల్వే స్టేషను దాకా లాక్కెళ్లారు. ఆ కథను వినయానికి ఉదాహరణగా చెబుతుంటారు. నాకు మాత్రం అందులో ఆ సమయమే ఆనుతుంది. ఆయన మళ్లీ వాళ్ల పేపర్లు దిద్దబోవడం లేదు. వాళ్లకు ఆయన వల్ల ఇక కావలసిందేమీ లేదు.

సరే, ఏమివ్వాలి? ముందు ఏమివ్వకూడదో చూద్దాం. పదేళ్ల సర్వీసున్న ఏ టీచరు ఇంటికైనా వెళ్లి షోకేసు చూడండి. బెస్ట్ టీచర్ అని రాసిన కప్పులు, సరస్వతి బొమ్మలు, గాజు పెట్టెల్లో ప్లాస్టిక్ గులాబీలు, అదే ఫ్యాన్సీ దుకాణంలో కొన్న ఫొటో ఫ్రేములు ఒకటికి నాలుగు. మాస్టార్లయితే బీరువా నిండా శాలువాలు. మే నెలలో విజయవాడలో ఉన్ని శాలువాతో ఏం చేసుకుంటారు, ఇంకొకరి సన్మానానికి పట్టుకెళ్లడం తప్ప? చీర విషయానికొస్తే, రంగు నచ్చడం కష్టం, ధర మాత్రం చూడగానే తెలిసిపోతుంది. స్టాఫ్ రూములో పక్కావిడకు అదే తరగతి వాళ్లిచ్చిన చీరతో పోలిక మొదలవుతుంది. పసుపు కుంకుమతో కలిపి ఇచ్చే పద్ధతి అందరికీ నప్పకపోవచ్చు, టీచరు ఏ మతంవారో, ఏ పరిస్థితిలో ఉన్నారో చూసుకోవాలి.

ఏప్రిల్ నెలాఖరు మనకు కలిసొచ్చే కాలం. మార్కెట్లోకి మామిడికాయలు, పళ్లు దిగుతుంటాయి. మంచి బంగినపల్లి పళ్లు ఓ డజను, లేదా ఇంట్లో పెట్టిన కొత్తావకాయ ఒక చిన్న జాడీ. తినేవి ఇల్లు అడ్డం కావు, స్టాఫ్ రూములో పదిమందీ పంచుకోవచ్చు, ధర లెక్కేసేవాళ్లూ ఉండరు. పూతరేకులు, సున్నుండలు ఇచ్చేముందు షుగరు ఉందేమో కనుక్కోండి. పుస్తకమైతే టీచరు చదివే రకమని తెలిస్తేనే. పాఠం చెప్పడమంటే ఇష్టమున్నవారికి తెత్సుకో కురొయనాగి ‘తొత్తోచాన్’ తెలుగు అనువాదం ‘రైలుబడి’ ఇవ్వొచ్చు. లేదా తరగతి అలమరకు పది పిల్లల పుస్తకాలు. టీచరు పేరుతో ఇచ్చినా అవి బడివే అవుతాయి, వచ్చే ఏడాది పిల్లలూ చదువుతారు.

వీటన్నిటికంటే టీచర్లు దాచుకునేది ఉత్తరం. అయితే ఎలాంటి ఉత్తరమన్నదే ముఖ్యం. ‘మా పాపను తీర్చిదిద్దినందుకు ధన్యవాదాలు’ అని రాస్తే అది ఏ పాపకైనా, ఏ టీచరుకైనా సరిపోతుంది. ఇలా రాసి చూడండి: ‘దసరా సెలవుల దాకా మా పాపకు అప్పు తెచ్చుకుని చేసే తీసివేతలంటే ఏడుపే. మీరు చింతపిక్కలు పదేసి కట్టలు కట్టించి, ఒక కట్ట విప్పి చూపించారట. ఆ రోజు ఇంటికొచ్చి వాళ్ల తాతయ్యకు చింతపిక్కలతో పాఠం చెప్పింది.’ అంతే, మూడు వాక్యాలు. తన శ్రమలో ఏది పిల్లకు చేరిందో టీచరుకు ఇంకెవరు చెబుతారు? పిల్లకు రాయడం వస్తే కింద ఒక వాక్యం తనచేతే రాయించండి, అక్షరదోషాలు దిద్దకండి. ఒక నకలు ప్రధానోపాధ్యాయులకు పంపితే టీచరుకు ఉద్యోగంలోనూ పనికొస్తుంది.

తరగతంతా కలిసి ఇచ్చేటట్టయితే ఎవరెంతిచ్చారో గ్రూపులో జాబితా పెట్టకండి. ఇవ్వలేని ఇల్లు ఒకటైనా ఉంటుంది. కార్డు మీద పిల్లలందరి పేర్లూ ఉండాలి, డబ్బు ఇవ్వనివాళ్లవి కూడా. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం దీన్ని నిబంధనగానే పెట్టింది. అక్కడి ప్రభుత్వ బడి టీచరు ఒక తల్లిదండ్రుల దగ్గర 50 డాలర్లు, ఆపైన విలువైన కానుక తీసుకోకూడదు. తరగతి ఉమ్మడి కానుకైతే 150 డాలర్ల దాకా తీసుకోవచ్చు, కానీ ఎవరిచ్చారో, ఎంతిచ్చారో టీచరుకు తెలియకూడదు. బోస్టన్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లు ఇండియా నుంచి తెచ్చిన పట్టుచీరో వెండి గిన్నో ఇవ్వబోయే ముందు ఈ లెక్క చూసుకోవడం మంచిది. మే మొదట్లో అక్కడ టీచర్లను గౌరవించే వారం ఒకటి జరుపుతారు, బడి దాదాపు ముగిసే సమయమది. మన సెప్టెంబరు కంటే నయం.

ఆయమ్మను, వ్యాన్ డ్రైవరును మాత్రం జాబితాలోంచి తీసేయకండి. వాళ్లు మార్కులు వెయ్యరు, అక్కడ చీరైనా చొక్కాగుడ్డైనా, కవరులో డబ్బైనా నిరభ్యంతరంగా ఇవ్వొచ్చు.

ఇంకొక్క మాట. పదోతరగతి ఫలితాలు రాగానే స్వీటు పెట్టెలన్నీ లెక్కల మాస్టారింటికీ సైన్సు టీచరింటికీ వెళతాయి. మొదటిసారి పలక మీద చేయి పట్టి దిద్దించిన ఎల్‌కేజీ టీచరు దగ్గరికి వెళ్లేవాళ్లు అరుదు. పదేళ్లలో ఆవిడ బడి మారి ఉండవచ్చు, పాత బడి ఆఫీసులో అడిగితే, లేదా అక్కడే ఉన్న ఆయమ్మను అడిగితే తరచూ ఆచూకీ దొరుకుతుంది. వెళ్లేటప్పుడు పిల్లవాణ్ణి వెంట తీసుకెళ్లండి, వాడి చిన్నప్పటి ఫొటో ఒకటి జేబులో పెట్టుకోండి. మీసాలొచ్చినవాణ్ణి ఆవిడ ఉన్నపళంగా గుర్తుపట్టలేరు.