గోగునార - గ్రామపు నీరు

కరణ్‌కోట పేరు చెప్పగనే సిమెంటు కర్మాగారము జ్ఞప్తికి వచ్చును. తాండూరు పేరు చెప్పగనే నాపరాళ్లు, కందులు స్ఫురించును. తాండూరు కందికి 2022వ సంవత్సరములో భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. ఈ ప్రసిద్ధమైన సంపదల నడుమ పేరు ప్రతిష్ఠలు లేక పెరుగు మొక్క ఒకటి కలదు. అది గోగు. తెలంగాణ పల్లెలలో పుంటికూర అని పిలుచుకొనునది ఈ జాతిలోనిదే. పూర్వము రైతులు చేని గట్టున నాలుగు సాళ్లు గోగు వేసి, లేత ఆకును కూరకును, ముదిరిన కట్టెను నారకును వినియోగించెడివారు. ఎడ్ల పగ్గములు, తలుగులు, మోకులు ఈ నారతో పేనుకొనెడివారు. నైలాను త్రాళ్లు వచ్చిన పిమ్మట ఆ పని చాలవరకు మరుగుపడినది.

విదేశములలో కెనాఫ్ అని పిలువబడు ఈ నారకు నేడు క్రొత్త ఉపయోగము లభించినది. అమెరికాలోని ఫోర్డు కంపెనీ తన 2013వ సంవత్సరపు ఎస్కేప్ కారు తలుపులలో కెనాఫ్ నారను ప్లాస్టిక్కుతో కలిపి వాడినది. ఇట్టి వార్త విన్నప్పుడు "మన ఊరిలో కూడ ఈ పంట వేయవచ్చునా?" అని పంచాయతీ సభ్యులు ప్రశ్నించుట సహజము. మొక్క మన నేలకు క్రొత్తది కాదు. దీనికి దక్కను జనుము అను పేరు కూడ కలదు. భీమునిపట్నము రేవు పేరుమీద బిమిలీపట్నం జూట్ అనియు వర్తకులు దీనిని వ్యవహరించిరి. 1947లో దేశవిభజన జరిగినపుడు జనుపనార పండు భూములలో అధికభాగము తూర్పు పాకిస్తానునకు పోగా, ఇక్కడి మిల్లుల కొరత తీర్చుటకు గోగు సాగు ప్రోత్సహింపబడినది. శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతములు ఈ పంటకు ప్రసిద్ధి చెందినవి. ఆమదాలవలసలో దీనిపై పరిశోధన కేంద్రము వెలసినది.

కావున ఆలోచింపవలసిన విషయము మొక్క కాదు, నీరు.

నార తీయు విధానము

తొలకరిలో వేసిన గోగు నాలుగైదు నెలలకు పూతకు వచ్చును. సగము మొక్కలు పూచినప్పుడు కోసిన నార మెత్తగను, బలముగను ఉండును. కాయ ముదురనిచ్చినచో నార పెళుసెక్కును. కోసిన కట్టెను రెండు మూడు దినములు చేనిలోనే ఉంచి ఆకు రాల్చి, చిన్న కట్టలుగా కట్టి నీట ఊరవేయవలెను. నీటిలోని సూక్ష్మజీవులు నారను కట్టెకు అంటించి ఉంచు జిగురును తినివేయును. వెచ్చని నీటిలో రెండు వారములలో ఈ పని ముగియును. చలి ముదిరిన కొలది ఆలస్యమగును. తక్కువ ఊరిన నార బెరడు విడువదు. ఎక్కువ ఊరినచో నారయే చివికిపోవును. అందుచేత పదవ దినము మొదలుకొని ప్రతిదినము ఒక కట్టెను తీసి పరీక్షింపవలెను.

కట్టలు నీట మునుగుటకై బురదగాని, అరటిబోదెలుగాని పైన వేయరాదు. వానివలన నార నల్లబడి ధర తగ్గును. తాండూరు ప్రాంతమున నాపరాళ్లకు కొదువ లేదు. బరువునకు అవి చాలును.

నీటి లెక్క

మంచి నారకు పచ్చికట్టె బరువునకు ఇరువది రెట్లు నీరు ఉండుట మేలు. అనగా 1 టన్ను కట్టెకు సుమారు 20 వేల లీటర్లు. ఆ టన్ను కట్టెనుండి లభించు ఎండునార 50, 60 కిలోలు మాత్రమే. ఊరవేసిన నీటిలో ప్రాణవాయువు తరిగి చేపలు చచ్చును, దుర్వాసన పుట్టును. కాబట్టి త్రాగునీటి చెరువునగాని, పశువులు త్రాగు కుంటనగాని ఊరవేయుటకు పంచాయతీ అనుమతింపరాదు. పాత బండగనుల గుంతలు లోతెక్కువై ప్రాణాపాయకరములు. ప్రత్యేకముగా నిస్సారమైన గుంట త్రవ్వించి, వాడిన నీటిని చేలకు పారించుట ఉత్తమము.

నీరు కొరతగానున్న చోట మరియొక పద్ధతి కలదు. పచ్చికట్టెనుండి బెరడును ముందే ఒలిచి, దానిని మాత్రమే చిన్న తొట్టిలో ఊరవేయవచ్చును. నీరు సగమునకు పైగా ఆదా యగును, కాలమును తగ్గును. బారక్‌పూరులోని కేంద్ర జనుపనార పరిశోధన సంస్థ ఊరుటను త్వరపరచు సూక్ష్మజీవుల పొడిని కూడ రూపొందించినది.

సంయుక్త పదార్థములు

మట్టిగోడ కట్టునపుడు బురదలో ఎండుగడ్డి త్రొక్కుట మన పెద్దలు ఎరిగినదే. మట్టి గడ్డిని పట్టి ఉంచును, గడ్డి గోడను పగులనీయదు. సంయుక్త పదార్థమునకు సూత్రమిదే. ఇచట గడ్డికి బదులు గోగునార, మట్టికి బదులు ప్లాస్టిక్కు లేక రెజిన్ అను జిగురు. నారను పలుచని కాస్టిక్ సోడా ద్రావణములో కడిగి, బాగుగా ఆరబెట్టి, జిగురుతో కలిపి వేడి అచ్చులో నొక్కుదురు. వేడి 200 డిగ్రీలు మించినచో నార మాడును. గాజునారకంటె ఇది తేలిక. అయితే తేమను పీల్చు దోషము దీనికి కలదు. కావున లోపలి పలకలకే ఎక్కువగా వాడుదురు.

సిమెంటు చేరువనే ఉన్నది గదా, అందు కలుపరాదా అని కరణ్‌కోటవారు అడుగవచ్చును. సిమెంటులోని క్షారము కాలక్రమమున నారను తినివేయును. తగిన శుద్ధి చేయక ఇంటి కప్పులకు అట్టి రేకులు వాడుట క్షేమము కాదు.

సభ్యులు చేయదగినది

కర్మాగారము కోరునది శుభ్రమైన, ఒకే తీరుగల, పొడియైన నార. నలుగురు రైతులు నాలుగు విధములుగా ఊరవేసిన నారను ఎవరును కొనరు. కొనువారు ఎవరో, ఏ తరగతి నార కావలెనో ముందుగా వ్రాతమూలకముగా తెలిసికొనవలెను. ఆ పిమ్మటనే కంది చేల గట్లమీద కొద్దిగా వేసి చూడవలెను. కంది భూమిని విడిచి గోగు వేయుట తొందరపాటు. ఊరవేయు గుంట ఎచట నుండవలెనో గ్రామసభలో నిర్ణయించుట విత్తనము చల్లుటకు ముందే జరుగవలెను. నార ధర ఏటేట మారును. పాడైన చెరువు మాత్రము ఊరందరికి నష్టము.