జునూన్ బృందము - శ్రోతృబాంధవ్యము

1990లో సల్మాన్ అహ్మద్ పాకిస్థానున నెలకొల్పిన జునూన్ బృందము పాశ్చాత్య రాక్ వాద్యములతో సూఫీ గేయసంప్రదాయమును మేళవించెను. 1996లో రాజకీయ నాయకుల అవినీతిని ఎత్తిచూపిన 'ఎహ్తెసాబ్' గీతదృశ్యము నిషేధింపబడెను. 1998లో అణుపరీక్షలను విమర్శించినందున పాకిస్థాను ప్రభుత్వ దూరదర్శనము వీరికి తలుపులు మూసెను. అయినను 'జునూనీలు' అనబడు అభిమానులు సరిహద్దున కిరువైపులను వీరిని విడనాడలేదు.

ఇందుకు కారణము వీరెన్నుకొన్న సాహిత్యమున నున్నది. 1997 నాటి 'ఆజాదీ' సంపుటమున ఇక్బాలు ఉర్దూ కవితను, 1999 నాటి 'పర్వాజ్' సంపుటమున బుల్లేషా పంజాబీ గేయమును పాడిరి. తెలుగువారికి వేమన యెట్లో పంజాబీలకు బుల్లేషా యట్లు. ఆ పలుకులు ఉభయదేశముల జనుల నోట తరతరములుగ నున్నవి. కావున శ్రోతకు ఆ పాట తన సొత్తుగనే తోచెను. ప్రసారనిషేధము ఈ బాంధవ్యమును త్రెంపజాలకపోయెను.