మిక్సీకి 30 రోజులు, ఫోన్ నంబరుకు 90

బాలాపూర్ గణేశుడి లడ్డూ 1994లో 450 రూపాయలకు పోయింది. 2025లో పాట 35 లక్షల దాకా వెళ్లింది. అంత డబ్బు పోసి కొన్న సరుకు ఏదైనా (లడ్డూ సంగతి కాదు, ప్రసాదం మీద కేసేమిటి!) చెడిపోయినా జిల్లా వినియోగదారుల కమిషన్ చాలు. 50 లక్షల వరకు దాని పరిధే. 20 లక్షలు దాటి కొన్నవాటికి ఫీజు 1,000 రూపాయలు. 5 లక్షల లోపైతే పైసా కట్టక్కర్లేదు.

మనకొచ్చే తగాదా మూడు వేల మిక్సీది. ఆన్‌లైన్‌లో తెప్పిస్తాం, రెండోసారి పిండి రుబ్బేసరికి మోటారులోంచి పొగ. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే కాసేపు సంగీతం, తర్వాత "టికెట్ రైజ్ చేశాం సార్". ఆ టికెట్ నంబరు రాసిపెట్టుకోండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. ఎప్పుడు ఫిర్యాదు చేశారో చూపించలేకపోతే ఆ నెల ఎప్పుడు మొదలైందని వాదిస్తారు?

1986 వినియోగదారుల చట్టంలో కంపెనీ వ్యాపారం ఉన్నచోటో, గొడవ పుట్టినచోటో కేసు వేయాల్సి వచ్చేది. 2020 జూలై 20న అమల్లోకి వచ్చిన కొత్త చట్టం మనం ఉండే చోటైనా, పనిచేసే చోటైనా వేసుకోవచ్చంది. కంపెనీ గురుగ్రామ్‌లో ఉన్నా బాలాపూర్ మనిషి రంగారెడ్డి జిల్లా కమిషన్‌కు వెళ్తే సరి. నా లెక్కలో కొత్త చట్టంలో అన్నిటికన్నా పెద్ద మార్పు ఇదే. గడువు రెండేళ్లు. ముందు 1915కి ఫోన్ చేసి చూడొచ్చు, తెలుగులోనే చెప్పుకోవచ్చు.

ఇక ఫోన్ నంబరు. సబ్బు కొన్నా కౌంటర్లో "నంబర్ చెప్పండి" అంటారు. నంబరు ఇస్తేనే బిల్లు అనడం తప్పని 2023 మేలోనే కేంద్ర వినియోగదారుల శాఖ దుకాణాలకు చెప్పింది. అదే ఏడాది వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. నిబంధనలు మాత్రం 2025 నవంబరులో వెలువడ్డాయి, కంపెనీల మీద అసలు బాధ్యతలు పడేది 2027 మేలో. అప్పుడైనా ఫిర్యాదు తేల్చడానికి 90 రోజుల దాకా గడువుంటుంది. మిక్సీకి మూడు రెట్లు!

డేటాను సరిగా కాపాడకపోతే జరిమానా 250 కోట్ల దాకా. వినడానికి ఘనమే, కానీ ఆ డబ్బు సర్కారు ఖజానాకు పోతుంది, నంబరు పోగొట్టుకున్నవాడికి కాదు. పైగా ఐటీ చట్టంలో నష్టపరిహారం అడగనిచ్చే 43ఏ సెక్షన్‌నూ ఈ డేటా చట్టం ఎత్తేస్తుంది. మన చేతికి డబ్బు రావాలంటే మళ్లీ వినియోగదారుల చట్టమే దిక్కు. నమ్మి ఇచ్చిన వివరాలను చట్టం ఒప్పుకోని విధంగా ఇంకొకరికి చెప్పడం అందులో అక్రమ వ్యాపార పద్ధతి.

ఈ మధ్య ఒక కౌంటర్లో "నంబర్ ఇవ్వను" అన్నాను. కుర్రాడు తల కూడా ఎత్తలేదు. పది తొమ్మిదులు టకటకా కొట్టి బిల్లు చేతిలో పెట్టాడు.