ప్రేగుకు అడ్డుపడే ఏలికపాములు

గౌతమీ వశిష్ఠ పాయల నడుమనున్న కోనసీమలో నేల తడి త్వరగా ఆరదు. అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములలోని కొబ్బరితోటల నీడ మనుష్యులకు ఎంత హాయియో, ఏలికపాము గ్రుడ్లకు కూడ అంత అనుకూలము. ఎండ తీవ్రముగా తగిలి, నేల ఎండిపోతే ఈ గ్రుడ్లు చస్తవి. నీడ, తేమ, వెచ్చదనము కలిస్తే మాత్రము రెండు మూడు వారములలో వాటి లోపల పిల్లపురుగులు తయారవుతవి.

మట్టి అంటిన చేతులతోనో, కడగని కూరగాయలతోనో గ్రుడ్డు నోటిలోనికి పోతుంది. చిన్నప్రేగులో పిల్లపురుగు బయటపడి, ప్రేగుగోడను తొలుచుకొని, రక్తముతో కాలేయమునకు, అక్కడనుండి ఊపిరితిత్తులకు చేరుతుంది. తరువాత గొంతులోనికి ఎగబ్రాకి, మరల మ్రింగబడి చిన్నప్రేగునకే వచ్చి పెద్దదవుతుంది. ఆడపురుగు 20 మొదలు 35 సెంటీమీటర్ల వరకు పెరిగి, రోజుకు సుమారు 2 లక్షల గ్రుడ్లు పెట్టగలదు. కాని ఆ గ్రుడ్లు కడుపులో పొదగవు. మలముతో మట్టిలోనికి పోవలసినదే. అనగా కడుపులో ఎన్ని పాములున్నవో, కనీసము అన్ని గ్రుడ్లు మట్టినుండి నోటికి చేరినట్లే.

కొద్ది పురుగులుంటే బాధ తెలియకపోవచ్చును. పసివాని ప్రేగు సన్నము. అందులో పదుల కొలది పాములు కొబ్బరిత్రాడు చిక్కువలె పెనవేసుకొంటే దారి మూసుకొనిపోతుంది. ఇది ఎక్కువగా చిన్నప్రేగు చివరిభాగములో జరుగుతుంది. కడుపులో నొప్పి తెరలు తెరలుగా వస్తుంది, పసరు వాంతులవుతవి, కడుపు ఉబ్బుతుంది, మలము, వాయువు బంధిస్తవి. ఆ బరువుకు ప్రేగు మెలిపడితే రక్తము అందక కుళ్ళి, చిల్లుపడి ప్రాణాపాయము కలుగుతుంది. ఒక్కొక్కప్పుడు ఒంటరి పాము పైత్యరసనాళములో దూరి కామెర్లను, క్లోమమునకు వాపును కలిగిస్తుంది.

ఇట్టి సమయములో ఇంటిలో పురుగులమందు ఇవ్వరాదు. మందుకు చచ్చుబడిన పురుగులు ఒక్కచోట చేరి అడ్డును మరింత బిగించవచ్చును. వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. అక్కడ నోటికి ఏమియు ఇవ్వక, నరములోనికి సెలైను ఎక్కించి, ముక్కుగుండా గొట్టము వేసి జీర్ణాశయములోని ద్రవమును తీస్తారు. చాలమందికి ఇంతటితోనే అడ్డు తొలగుతుంది. తొలగనిచో శస్త్రవైద్యుడు కడుపు తెరిచి, ప్రేగును పైనుండి వ్రేళ్ళతో నెమ్మదిగా పిండి పాములను పెద్దప్రేగులోనికి జరుపుతాడు. అవి కదలకపోతే ప్రేగును కోసి తీస్తాడు. కుళ్ళిన భాగముంటే దానిని తొలగించి, మిగిలిన కొసలను కలిపి కుడతాడు.

ఇంత ప్రమాదమును ఒక మాత్ర ముందుగానే తప్పించగలదు. 2015లో మన దేశములో ప్రారంభమైన నులిపురుగుల నిర్మూలన దినమున బడులలోను, అంగన్‌వాడీలలోను ఆల్బెండజోల్ ఇస్తున్నారు. ఆ రోజు జబ్బుగా ఉన్న పిల్లలకు మాత్రము మాత్ర ఇవ్వక, ఉపాధ్యాయులు వైద్యునికి చూపించవలెను. అయితే మాత్ర కడుపులోని పాములనే చంపుతుంది. మట్టిలోని గ్రుడ్లను చంపలేదు. వాటికి మందు మరుగుదొడ్డి, సబ్బునీరు, కడిగిన కూరగాయలు.