పురవర్ణనలో కర్త యెవరు?

పురవర్ణనము ప్రబంధమునకు అవశ్యకమైన అష్టాదశ వర్ణనములలో నొకటి. అందలి అలంకారములను, ఛందస్సును మనము తరగతిలో శ్రద్ధతో బోధింతుము. ఆ పురమున ఎవరికి చోటు దొరకినది, ఎవరికి దొరకలేదు అని మాత్రము అరుదుగ అడుగుదుము.

ఆ ప్రశ్నను శాస్త్రీయముగ అడుగుట నేర్పునది సంకథన విశ్లేషణము. వాక్యమునకు కర్త యెవరు? వస్తువునకు ఏ పేరు పెట్టిరి? దేనిని చెప్పక విడిచిరి? ఇవి దాని ముఖ్యప్రశ్నలు. 1989లో ప్రకటించిన ‘భాష, అధికారము’ అను ఆంగ్లగ్రంథమున నార్మన్ ఫెయిర్‌క్లఫ్ ఇట్టి ప్రశ్నలను క్రమముగ కూర్చెను.

మనుచరిత్రమును చూడుడు. పెద్దన అరుణాస్పదపురమును వర్ణించుచు, ఒక్క సీసమున విప్రులను, రాజులను, వైశ్యులను, నాలవజాతివారిని వరుసగ నిలిపెను. నాగలి పట్టినవానికిని అందు గౌరవమున్నది. అతడు ఆదిభిక్షువగు శివునిచేతనే బిచ్చము మాన్పింపగలవాడు. అయినను వరుస వర్ణక్రమమే. కోట కట్టిన చేతులకు, వీథులూడ్చిన చేతులకు ఆ పద్యమున తావు లేదు.

ప్రబంధయుగము గడచినను పురవర్ణనము నిలిచియే యున్నది. ఇప్పుడది వార్తలలో, ప్రకటనలలో కానవచ్చును. ‘నగర సుందరీకరణలో భాగముగా ఆక్రమణలు తొలగింపబడినవి’ అను తరహా వాక్యము మనకు క్రొత్త కాదు. తొలగించినవారెవరు? ‘బడు’ ప్రయోగము వారిని దాచినది. ఈ ప్రయోగము ఇండ్లలో మాటలాడుకొను తెలుగున అరుదు. కచేరీల తెలుగున మెండు. ‘ఆక్రమణలు’ అను పేరు క్రింద గుడిసెయు, పొయ్యియు, పిల్లల పలకలును మరుగుపడినవి. ‘అధికారులు గుడిసెలను కూల్చిరి’ అని వ్రాసినచో, సంగతి అదియే యైనను, చదువరి మనస్సున మెదలు ప్రశ్నలు వేరు.

హైదరాబాదున మాదాపూరు సంగతియు నిట్టిదే. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన ఆ చోటును గూర్చి ‘ఒకప్పుడిచట ఏమియు లేదు’ అనుట పరిపాటి. ఊరుండెను, రాతిగుట్టలుండెను, చేరువనే దుర్గం చెరువుండెను. ‘ఏమియు లేదు’ అను రెండు మాటలు వాటినన్నిటిని తుడిచివేయుచున్నవి. ఏమియు లేనిచోట పోగొట్టుకొన్నవారును ఉండరు గదా!

ఉపాధ్యాయులు విద్యార్థులచేత తమ ఊరిని గూర్చి పది వాక్యములు వ్రాయించి, ప్రతి వాక్యమున కర్తక్రింద గీత గీయింపవలెను. తెల్లవారకముందే వీథి యూడ్చు స్త్రీ ఒక్క వాక్యమునకైనను కర్త యైనదా? కానిచో, పదునొకండవ వాక్యము ఆమెతో మొదలిడుటయే ఆనాటి పాఠము.