గోడలు చదివితే పుదుచ్చేరి

గైడు లేకుండా ఉప్పళం నుంచి పాత పట్టణం దాకా కాలినడకన వెళ్తే కనిపించేవి బొమ్మలు మాత్రమే కాదు

పుదుచ్చేరికి వచ్చే పర్యాటకులు ముందుగా చేసే పని పసుపు గోడ ముందు నిలబడి ఫొటో తీయించుకోవడం. కెఫేలు, అతిథి గృహాల ప్రహరీల మీద కుడ్యచిత్రాలు వెలిశాక ఆ సరదా ఇంకా పెరిగింది. అయితే ఈ ఊళ్లో ఏ గోడకు ఏ రంగు ఉంది, ఏ గోడ మిగిలింది, ఏది పోయింది అన్నదాని వెనుక మూడు శతాబ్దాల రాజకీయం ఉంది. దాన్ని తెలుసుకోవడానికి ఒక మ్యాపు, రెండు మూడు గంటల తీరిక చాలు.

నడక ఉప్పళం నుంచి మొదలుపెట్టడం మేలు. తమిళంలో ఈ మాటకు ఉప్పుమడి అని అర్థం. పాత పట్టణాన్ని చుట్టిన బులెవార్లకు దక్షిణాన, వెలుపల ఉన్న ఈ పేటను పర్యాటకులు పెద్దగా పట్టించుకోరు. ఇక్కడ గోడ అంటే జనం రోజూ వాడుకునే వస్తువు: దుకాణం పేరు, పార్టీ గుర్తు, సంతాప ప్రకటన దాని మీదే. బహిరంగ స్థలాలను ఖరాబు చేయడాన్ని నిషేధిస్తూ పుదుచ్చేరి 2000లోనే చట్టం చేసింది. గోడ రంగు ఎంత పెద్ద రాజకీయమో తెలుగువారికి వేరే చెప్పక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ భవనాలకు అధికార పార్టీ రంగులు వేసిన వివాదం 2020లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ప్రభుత్వానికి అక్కడా చుక్కెదురైంది.

ఉత్తరంగా నడిస్తే దక్షిణ బులెవార్ మీద సేక్రెడ్ హార్ట్ చర్చి వస్తుంది. దాని లోపలి రంగుటద్దాల్లో 28 మంది పునీతులు కొలువుదీరారు. అది దాటితే దారి తప్పే ప్రసక్తే లేదు. 1693 నుంచి 1699 దాకా ఊరు తమ చేతిలో ఉన్న కాలంలో డచ్చివారు గీసిన గళ్ల ప్రణాళికే ఇప్పటికీ పట్టణానికి పునాది. 1761లో బ్రిటిష్‌వారు ఊరిని నేలమట్టం చేశాక ఫ్రెంచివారు మళ్లీ ఆ గళ్లలోనే కట్టుకున్నారు. మధ్యలో పారే కాలువకు తూర్పున తెల్లవారి పట్టణం, పడమర తమిళుల పట్టణం.

తూర్పు వైపు గోడలకు సొంత భాష ఉంది. తెల్ల అంచుల పసుపు ఫ్రెంచి వారసత్వాన్ని చాటితే, బూడిద రంగు అరవిందాశ్రమ భవనాల ఆనవాలు. వీధి పేర్ల పలకలు ఫ్రెంచిలోనూ తమిళంలోనూ ఉంటాయి. సముద్రతీరాన మెరిసే మేరీ (పురపాలక భవనం) మాత్రం పాతది కాదు. 19వ శతాబ్దపు అసలు భవనం 2014 నవంబరు వానల్లో కూలిపోయింది. ప్రపంచ బ్యాంకు సాయంతో అదే రూపంలో మళ్లీ కట్టిన భవనాన్ని 2021లో ప్రారంభించారు.

ఈ గోడలకు అసలు శత్రువు ఉప్పు. ఇటుక, సున్నంతో కట్టిన పాత గోడ నేలలోని తేమను పీల్చుకుని, మళ్లీ గాలిలోకి వదులుతుంది. తేమ ఆరిపోయాక అందులోని ఉప్పు మిగిలి పూతను పొడిపొడిగా రాలుస్తుంది. అందుకే సున్నపు గోడకు సున్నమే వేయాలంటారు పరిరక్షణ నిపుణులు. గాలి ఆడనివ్వని ప్లాస్టిక్ రంగులతో బొమ్మ వేస్తే తేమ లోపలే చిక్కుకుంటుంది. బొమ్మా పెచ్చులూడుతుంది, గోడా దెబ్బతింటుంది. కుడ్యచిత్రాన్ని మెచ్చుకునేముందు అది ఏ గోడ మీద ఉందో చూడాల్సింది ఇందుకే.

కాలువ దాటి పడమరకు వస్తే తెలుగువారికి ఒక చుట్టరికం ఎదురవుతుంది. ఫ్రెంచి గవర్నరు డూప్లే దగ్గర దుబాసీగా పనిచేసి, పాతికేళ్ల దినచర్య రాసిపెట్టిన ఆనందరంగ పిళ్లై ఇల్లు ఇక్కడే ఉంది. కస్తూరి రంగకవి తన తెలుగు ఛందోగ్రంథం ‘ఆనందరంగరాట్ఛందము’ను అంకితమిచ్చింది ఆయనకే. మరికొంత ఉత్తరాన ఉన్న వైశ్యాళ్ వీధిలో కింద తమిళుల అరుగులు, స్తంభాల వసారాలు, పైన ఫ్రెంచి తరహా మేడలు. ఐరోపా సమాజం నిధులతో, ఇంటాక్ చొరవతో ఈ వీధి ముఖద్వారాలను బాగుచేశారు. దానికి 2008లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారం దక్కింది.

కానీ పక్క వీధుల్లోకి తిరిగితే కథ మారుతుంది. అరుగులు పోయి షట్టర్లు, పెంకులు పోయి కాంక్రీటు. ఉమ్మడి వారసులకు పాత ఇంటి మరమ్మతు భారం, కొత్త అంతస్తుల అద్దె లాభం. ఫొటోల్లో పడే తూర్పు గోడలకు హోటళ్ల పెట్టుబడి అందుతుంటే పడమటి గోడలకు యజమాని ఓపికే దిక్కు. చూడటానికి జనం వస్తే కాపాడటానికి కారణం దొరుకుతుందని వైశ్యాళ్ వీధి రుజువు చేసింది. పర్యాటకులు కాలువ దాటడం అలవాటు చేసుకుంటే కూలేముందు మరికొన్ని ఇళ్లకు ఆ అవకాశం దక్కవచ్చు.